స్టోరీవీవర్ తెలుగు కథలు: పక్కన పెద్దవాళ్లు కూర్చుంటేనే పూర్తి ఫలితం

ప్రాథమిక తరగతుల పిల్లల చదువు కోసం ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగిన పనుల్లో కలిసి కథ చదవడం కంటే మేలైనది మరొకటి లేదు. హోంవర్కు దగ్గర కూర్చుని కేకలేయడం కంటే దీని ఫలితం ఎన్నో రెట్లు ఎక్కువ. పదిహేనేళ్ల పిల్లలకు పలు దేశాల్లో పెట్టే పీసా పరీక్షలు 2009లో జరిగినప్పుడు, కొన్ని దేశాల్లో తల్లిదండ్రులను కూడా ప్రశ్నలడిగారు. ఒకటో తరగతిలో వారానికి ఒకటి రెండుసార్లైనా ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి పుస్తకం చదివిన పిల్లలు, పదిహేనేళ్ల వయసులో చదవడంలో, అంత తరచుగా చదవని పిల్లల కంటే సగటున 25 పాయింట్లు ముందున్నారు. కుటుంబాల ఆర్థిక, సామాజిక తేడాలను లెక్కలోకి తీసుకున్నా 14 పాయింట్ల తేడా మిగిలింది.

మరి చదవడానికి కథలేవి? పాఠ్యపుస్తకం తప్ప తెలుగు పుస్తకం లేని ఇళ్లు ఎన్నో. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటు ఆ లోటును చాలావరకు తీరుస్తుంది. పైసా కట్టక్కర్లేదు. కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి కాబట్టి పీడీఎఫ్ దించుకుని ప్రింటు తీయించుకోవచ్చు, బడికి ఇవ్వవచ్చు, వాట్సాప్‌లో పంపుకోవచ్చు.

భాష దగ్గర తెలుగు ఎంచుకున్నాక స్థాయి ఎంచుకోవాలి. ఒకటో స్థాయి కథల్లో 250 లోపు పదాలు, రెండో స్థాయిలో 600 వరకు, మూడో స్థాయిలో 1500 వరకు, నాలుగో స్థాయిలో అంతకు మించి ఉంటాయి. ఇక్కడే జాగ్రత్త అవసరం. పదాల లెక్క తెలుగుకు సరైన కొలత కాదు. ‘పరుగెత్తుకుంటూ’ అన్నది లెక్కకు ఒక్క పదమే, కానీ ఒత్తులు ఇంకా పట్టుబడని పిల్లకు అదొక కొండ. అందుకని స్థాయి అంకెను నమ్మి ఊరుకోకుండా, బిడ్డకు చూపించే ముందు మీరు రెండు మూడు పేజీలు చదవండి. పేజీకి ఒకటి రెండు ఒత్తుల పదాలుంటే ఒకటో తరగతి చివరికి సరిపోతుంది. పేజీలో మూడు నాలుగు చోట్ల ఆగిపోతుంటే ఆ కథను మీరే చదివి వినిపించి, చదవడానికి ఇంకో తేలికైనది ఇవ్వండి.

చదవడంలో బిడ్డ ఏ మెట్టు మీద ఉందో తెలియకపోతే, మన పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఇచ్చి చదవమనండి. ఎక్కడ తడబడితే అక్కడి నుంచి మొదలుపెట్టండి, తరగతి ఏదైనా సరే.

ఫోన్లో చదివేటప్పుడు అడ్డంగా తిప్పి పెట్టండి. నిలువుగా ఉంటే అక్షరాలు చిన్నవైపోయి కింద ఉన్న ఒత్తు కనబడదు, పిల్లలు బొమ్మ చూసి పదాన్ని ఊహించేస్తారు. ఇష్టపడ్డ కథలను ఏ4 కాగితానికి రెండేసి పేజీల చొప్పున నలుపు తెలుపులో ప్రింటు తీయించడం ఇంకా మంచిది.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మొదటిసారి మీరు వేలు పెట్టి చదవండి, రెండోసారి ఇద్దరూ కలిసి, మూడోసారి బిడ్డ ఒక్కతే. ఆగిపోయిన చోట ఐదు సెకన్లు ఓపిక పట్టి, అప్పుడు పదం అందించండి. ప్రతి తప్పునూ దిద్దితే కథ తెగిపోతుంది, అర్థం మార్చేసే తప్పునే దిద్దండి. మధ్యలో ‘ఎందుకలా చేసింది?’, ‘తర్వాత ఏమవుతుంది?’ అని అడగండి. ‘కుక్క’ అని ఒక్క ముక్కలో జవాబిస్తే ‘అవును, ఆకలేసిన కుక్క’ అని పెంచి, మళ్లీ చెప్పించండి. పదసంపద పెరిగేది ఈ మాటల్లోనే. పరీక్షలా ప్రశ్నలు గుప్పిస్తే మాత్రం పిల్లలు కథంటేనే పారిపోతారు.

లోపాలూ ఉన్నాయి. ఎవరైనా అనువదించి పెట్టగల వేదిక కావడంతో నాణ్యత ఒకేలా ఉండదు. కొన్ని కథల్లో అచ్చుతప్పులు, ఎవరూ మాట్లాడని బిగుసుకుపోయిన వాక్యాలు కనిపిస్తాయి. పెద్దవాళ్లు ముందుగా చదవమనేది ఇందుకు కూడా. చదివి వినిపించే ఆడియో కథలను బిడ్డ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతే లాభం సగమే, ఆడియో ప్రశ్న అడగదు కదా.

ఇంగ్లీషు మీడియం పిల్లల ఇళ్లకు దీంట్లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతాయి. ‘మాకు ఇంగ్లీషు రాదు, ఏం చెప్పగలం’ అనే అమ్మానాన్నలు ముందు తెలుగు కథ చదివి ముచ్చటించి, మర్నాడు అదే కథ ఇంగ్లీషులో బిడ్డ చేత చదివించుకోవచ్చు. అర్థం ముందే తెలుసు కాబట్టి బిడ్డ దృష్టంతా స్పెల్లింగు మీదే నిలుస్తుంది. చదువు రాని తల్లి అయితే బొమ్మలు చూపించి కథ చెప్పించుకున్నా చాలు, వినే మనిషి ఉంటే పిల్లలు ఇంకో కథ తెరుస్తారు.