కార్డు ఇప్పుడా, తర్వాతా? బడ్జెట్ గేమింగ్ పీసీకి మూడు దారులు, ఏది మేలు?

బడ్జెట్ గేమింగ్ పీసీ లెక్క చాలా ఇళ్లలో ఒకేచోట ఆగిపోతుంది. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ సర్దుకున్నాక గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు చాలదు. అప్పుడు సికింద్రాబాద్ సీటీసీలోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా కంప్యూటర్ దుకాణాల్లో తరచూ వినిపించే సలహా ఇది: "ఇప్పటికి జీ ప్రాసెసర్ వేసుకోండి, కార్డు తర్వాత చూసుకోవచ్చు." పేరు చివర జీ ఉంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉందని అర్థం. సలహా తప్పేమీ కాదు. కానీ ఆ "తర్వాత" ఎప్పుడో ముందే తేల్చుకోకపోతే అదే సలహా ఒకే వస్తువును రెండుసార్లు కొనిపిస్తుంది.

మన ముందున్న దారులు మూడు. మొదటిది ఏఎండీ రైజెన్ 5 5600జీ, ప్రస్తుతానికి కార్డు లేకుండా. రెండోది ఇంటెల్ ఐ3-12100ఎఫ్ (ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేనిది), హెచ్610 బోర్డు, మిగిలిన డబ్బంతా కార్డు మీద. మూడోది రైజెన్ 5 5600, బీ550 బోర్డు, దాంతో పాటే కార్డు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగి ఏ వారం రేటు ఆ వారానిదే అవుతోంది కాబట్టి రూపాయల అంకెలు ఇవ్వడం లేదు. ఒక్క వాటా మాత్రం గుర్తుంచుకోండి: మానిటర్ కాకుండా మొత్తం ఖర్చులో 40 శాతం దాకా కార్డుకే పోవాలి. అంతకంటే బాగా తగ్గితే మీరు కడుతున్నది గేమింగ్ పీసీ కాదు, వేగంగా నడిచే ఆఫీసు పీసీ.

5600జీ: కార్డు లేని కాలం, కార్డు వచ్చాక కాలం

5600జీలో వేగా 7 గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. దానికి సొంత మెమొరీ లేదు, మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4-3200 ర్యామ్ రెండు స్టిక్కులుగా వేస్తే సెకనుకు 51.2 జీబీ వేగం అందుతుంది. ఒక్క స్టిక్కే వేస్తే అది సగానికి, అంటే 25.6కు పడిపోతుంది. పోలికకు, ఆర్‌ఎక్స్ 6600 కార్డు సొంత మెమొరీ వేగం 224 జీబీ. అందుకే 5600జీతో ఒక్క 16 జీబీ స్టిక్ కొని "రెండోది తర్వాత" అనడం పెద్ద పొరపాటు. 8 జీబీవి రెండు తీసుకోండి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, గ్రాఫిక్స్‌కు 2 జీబీ కేటాయించండి, ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. వాలరెంట్, డోటా 2 హాయిగా ఆడుకోవచ్చు. జీటీఏ 5 తక్కువ సెట్టింగులతో నడుస్తుంది. కొత్త పెద్ద గేమ్‌లు మాత్రం 720పీకి దించినా కష్టమే.

అసలు చిక్కు కార్డు కొన్న రోజున బయటపడుతుంది. కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారి పేరు పీసీఐఈ, అందులోని వరసలే లేన్లు. 5600జీ కార్డు స్లాట్‌కు ఇచ్చేది పీసీఐఈ 3.0 మాత్రమే. బోర్డు బీ550 అయినా అంతే, ఎందుకంటే ఆ లేన్లు వచ్చేది ప్రాసెసర్ నుంచి. బడ్జెట్ కార్డులు చాలావరకు 16 లేన్లలో సగమే వాడతాయి. ఆర్‌ఎక్స్ 6600 వాడేది 8 లేన్లు. పీసీఐఈ 4.0లో దానికి సెకనుకు దాదాపు 16 జీబీ దారి దొరికితే, 3.0లో 8 జీబీయే దొరుకుతుంది. కార్డు మెమొరీలో ఖాళీ ఉన్నంతసేపు ఈ తేడా పెద్దగా తెలియదు. మెమొరీ నిండి టెక్స్చర్లు (గేమ్ బొమ్మల డేటా) ర్యామ్ నుంచి రావాల్సి వచ్చినప్పుడు ఆట ఆగి ఆగి నడుస్తుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ పరిస్థితి మరీ అన్యాయం: 4 లేన్లు, 4 జీబీ మెమొరీ. 5600జీ పక్కన ఆ కార్డు పెట్టవద్దు, ఎంత చవకగా వచ్చినా సరే.

ఇంకో తేడా క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమొరీ. 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5600జీలో 16 ఎంబీ. రెండింటిలోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లే. అయినా మంచి కార్డు తగిలించాక గేమ్‌లలో 5600 స్పష్టంగా ముందుంటుంది. కార్డు కొన్నాక ప్రాసెసర్ కూడా మార్చాలనిపించేది ఇక్కడే. చవకగా దొరికే రైజెన్ 5 5500 కూడా లోపల 5600జీ చిప్పే, గ్రాఫిక్స్ ఒక్కటీ తీసేశారు. కాబట్టి 16 ఎంబీ, పీసీఐఈ 3.0 లోపాలు రెండూ దానికీ ఉన్నాయి.

ఏఎండీ కొత్త సాకెట్ ఏఎమ్5కు వెళితే ఈ చిక్కు తప్పుతుందా అంటే, అక్కడ 8500జీ ఇంకా ఇరుకు: కార్డుకు 4 లేన్లే ఇస్తుంది. 8600జీ 8 లేన్లు ఇస్తుంది, కానీ డీడీఆర్5 ర్యామ్, బోర్డు ఖర్చు కలిస్తే ఆ డబ్బుకు 5600తో పాటు సెకండ్ హ్యాండ్ కార్డు ఒకటి వచ్చేయవచ్చు. రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

కార్డు ఏడాదికి మించి ఆలస్యమైతే, లేదా వస్తుందో రాదో తెలియకపోతే, చదువుకు, చిన్న గేమ్‌లకు 5600జీ సరైనదే. ఐదారు నెలల్లో కచ్చితంగా కొంటామంటే మాత్రం వద్దు. 5600 తీసుకుని, అప్పటిదాకా జీటీఎక్స్ 1050 టీఐ లాంటి పాత కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొని నడిపించండి. 75 వాట్లే కాబట్టి ఆ కార్డు చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. కొత్తది వచ్చాక దాన్ని అమ్మేయవచ్చు.

ఐ3-12100ఎఫ్ పక్కన 5600

12100ఎఫ్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు, 12 ఎంబీ క్యాష్. కోర్లు తక్కువే అయినా ఒక్కో కోరు వేగం గట్టిది. పైగా హెచ్610 లాంటి చవక బోర్డు మీద కూడా కార్డుకు పీసీఐఈ 4.0 దొరుకుతుంది. అంటే ఆర్‌ఎక్స్ 6600కు 5600జీ ఇవ్వలేని పూర్తి దారిని ఈ చిన్న ఐ3 ఇస్తుంది.

చాలా గేమ్‌లలో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) చూస్తే ఈ రెండింటి మధ్య తేడా తక్కువే. సగటును నమ్మవద్దు. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన గేమ్ ఆడుతూ, వెనక డిస్కార్డ్, క్రోమ్ తెరిచి ఉంచి చూడండి. 4 కోర్లు ఉక్కిరిబిక్కిరి అవుతాయి. సగటు 70 చూపిస్తున్నా మధ్యమధ్యలో చిన్న కుదుపులు వస్తాయి. వాటిని చూపించే అంకె "1% లో", అంటే అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం. ఈ రెంటిలో 5600 గెలిచేది అక్కడే.

5600 కొన్నా బోర్డు విషయంలో పొదుపు చేస్తే పీసీఐఈ 4.0 లాభం పోతుంది. ఏ520, బీ450 బోర్డుల మీద 5600 కూడా పీసీఐఈ 3.0కే పరిమితం. బీ550 అయితేనే 4.0. పాత స్టాకు బీ450 బోర్డుకు కొత్త బయోస్ వేయకపోతే 5600తో తెర మీద అసలేమీ రాదు. దుకాణంలోనే ఆన్ చేసి చూపించమనండి, లేదా ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు చూసుకోండి.

రేపటి మాటకొస్తే రెండు సాకెట్లూ పాతవే. 12100ఎఫ్ సాకెట్ ఎల్‌జీఏ1700 14వ తరంతో ముగిసింది. హెచ్610 మీద 12400ఎఫ్ దాకా నిశ్చింతగా వెళ్లవచ్చు, ఆ చిన్న బోర్డు మీద ఐ7, ఐ9 ఆశ పెట్టుకోవద్దు. 5600 సాకెట్ ఏఎమ్4లో 5700ఎక్స్‌కు మారే వీలుంది. కొత్త ప్రాసెసర్లు ఇంకా వస్తున్న సాకెట్టే కావాలంటే ఏఎమ్5, రైజెన్ 5 7500ఎఫ్. ర్యామ్ రేట్లు ఇలా ఉన్నప్పుడు ఆ మార్గం బడ్జెట్ మాటకు దూరమే.

మా ఓటు 5600, బీ550కి. కానీ ఆ రెండిటికి పెట్టే అదనపు డబ్బు వల్ల కార్డు ఒక మెట్టు దిగాల్సి వస్తే 12100ఎఫ్‌ మేలు. రేపు 12400ఎఫ్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది.

కార్డు: 6600నా, 3050నా?

ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో రెండు వేర్వేరు కార్డులు అమ్ముడవుతున్నాయి. 2022లో వచ్చింది 8 జీబీ, 128 బిట్, 130 వాట్లు. 2024లో వచ్చింది 6 జీబీ, 96 బిట్, 70 వాట్లు. రెండో దానిలో మెమొరీ వేగం 224 నుంచి 168 జీబీకి తగ్గింది, కోర్లు కూడా 2560 నుంచి 2304కు తగ్గాయి. బిల్లు మీద "3050" అని మాత్రమే రాసి ఉంటే ఒప్పుకోవద్దు.

1080పీలో రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) లేకుండా ఆర్‌ఎక్స్ 6600 ఈ రెండిటికంటే వేగం. 8 జీబీ 3050 మీదే సుమారు నాలుగో వంతు ఎక్కువ, 6 జీబీ దాని మీద ఇంకా ఎక్కువ. ఆట కోసమే అయితే ఇక ఆలోచన అక్కర్లేదు. అయితే బీటెక్ చదివే పిల్లలు అదే పీసీ మీద బ్లెండర్, మెషిన్ లెర్నింగ్ పనులు చేయాలంటే కార్డుతో లెక్కలు చేయించే CUDA సాఫ్ట్‌వేర్ ఉంటే సులువు, అది ఎన్విడియాలోనే ఉంటుంది. చిన్న చిత్రాన్ని పెద్దది చేసి ఆట వేగం పెంచే డీఎల్ఎస్ఎస్ కూడా అంతే. పాత ఆఫీసు డెస్క్‌టాప్‌కు పవర్ కేబుల్ లేకుండా కార్డు పెట్టాలంటే 70 వాట్ల 3050 చక్కగా ఒదుగుతుంది. 6600 విషయంలో ఇంకొకటి: 2025 చివర్లో ఏఎండీ 6000 సిరీస్ డ్రైవర్లను కొత్త కార్డుల నుంచి విడిగా ఒక శాఖలోకి మార్చింది. ఈ ఏడాదే పాడైపోతుందని కాదు, కానీ ఐదేళ్లు వాడాలనుకునేవారు ఇది తెలుసుకుని కొనాలి.

ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉందని ఆశపడేవారున్నారు. మంచి కార్డే, కానీ మనం మాట్లాడుతున్న ప్రాసెసర్లతో కొన్ని గేమ్‌లలో దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేసి వేగం తగ్గుతుంది. బయోస్‌లో రీసైజబుల్ బార్ (కార్డు మెమొరీ మొత్తాన్ని ప్రాసెసర్‌కు ఒకేసారి అందించే సెట్టింగు) ఆన్ చేయకపోతే ఇంకా దెబ్బ.

సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 కొనేముందు అది షేడర్లు (కార్డులోని చిన్న లెక్కల యూనిట్లు) తగ్గించిన 2048ఎస్‌పీ రకమా అని చూడండి. అసలు 580కి 2304 షేడర్లు ఉంటాయి, జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఏ పాత కార్డయినా 15 నిమిషాలు ఫర్‌మార్క్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ నడిపించి, తెర మీద చుక్కలు రావడం లేదని చూశాకే డబ్బు ఇవ్వండి.

ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై): పొదుపు చేయకూడని చోటు

5600, ఆర్‌ఎక్స్ 6600 కలిసి ఎంత లాగినా మొత్తం పీసీ 300 వాట్ల లోపే. అయితే 450 వాట్లు చాలా కదా అంటే, నిజమైన 450 చాలు. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే చవక ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని పెద్ద అక్షరాలుంటాయి. పక్కనున్న చిన్న పట్టిక చదవండి. 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు ఉంటే అది 216 వాట్లే, మీ ప్రాసెసర్, కార్డు బతికేది ఆ గడి మీదే. 80 ప్లస్ బ్రాంజ్, 550 వాట్లు, ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. 6600కు 8 పిన్నుల పీసీఐఈ కేబుల్ ఒకటి కావాలి. సాటా నుంచి 8 పిన్నులకు మార్చే కన్వర్టర్ వాడితే కనెక్టర్ కరిగిపోయే ప్రమాదం ఉంది.

కరెంటు కోతలున్న ఊళ్లలో 600 వీఏ యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లు. ఆట మధ్యలో మానిటర్‌తో కలిపి అంచుల దాకా వెళుతుంది. సేవ్ చేసి ఆపుకోడానికి చాలు, ఆడుకోడానికి కాదు. ఇన్వర్టర్ మీద నడిపితే వెనక ఉండే స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే కొన్ని మిల్లీసెకన్లకే పీసీ రీస్టార్ట్ అవుతుంది. మూడో పిన్నుకు ఎర్తింగ్ లేని సాకెట్‌లో పెడితే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

వేడి కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు 70 చూపించే కార్డు, గది 40కి చేరితే 85 దగ్గరకు వెళుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో ముందు గాజు మూసేసిన క్యాబినెట్ కొనడం కోరి వేడి తెచ్చుకోవడమే. ముందు జాలీ, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి. రంగు లైట్లు ఉన్నా లేకపోయినా ఒకటే.

బిగించేటప్పుడు జరిగే తప్పులు

5600తో వచ్చే కూలర్‌కు బోర్డు మీది ప్లాస్టిక్ పట్టీలు తీసి, నాలుగు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. పట్టీలు తీసేటప్పుడు వెనక ప్లేటు జారిపోతుంది, చేత్తో పట్టుకోండి. అడుగున పేస్టు రాసే వస్తుంది, మళ్లీ పూయక్కర్లేదు. ఏఎమ్4 ప్రాసెసర్‌కు పిన్నులు దాని అడుగునే ఉంటాయి. కూలర్ ఊడదీసేటప్పుడు నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు పీసీ నడిపి వేడెక్కాక, ఆపి, మెల్లగా తిప్పుతూ తీయండి. ఇంటెల్‌లో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, వంగితే బోర్డు వారంటీ పోతుంది. 12100ఎఫ్ కూలర్ నాలుగు మేకుల్లో ఒకటి సరిగా దిగకపోయినా ప్రాసెసర్ కాసేపటికే 90 డిగ్రీలు దాటుతుంది.

అన్నీ సరిగ్గా బిగించినా తెర నల్లగానే ఉంటే ముందు మానిటర్ కేబుల్ ఎక్కడుందో చూడండి. 5600కీ, ఎఫ్ ప్రాసెసర్లకూ గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డు హెచ్‌డీఎంఐలో పెడితే ఏమీ రాదు, కార్డులో పెట్టాలి. ర్యామ్ స్లాట్లు నాలుగు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు వాడండి. హెచ్610 బోర్డు డీడీఆర్4దో డీడీఆర్5దో పెట్టె మీద చదివే ర్యామ్ కొనండి, ఒకదానిది ఇంకోదానిలో దిగదు. వాలరెంట్ ఆడేవారు విండోస్ 11 వేసే ముందే బయోస్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు ఆన్ చేసుకోవాలి, లేకపోతే గేమ్ తెరుచుకోదు. చివరగా 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవారు విండోస్ డిస్‌ప్లే సెట్టింగులు ఒకసారి తెరవండి. చాలాసార్లు అక్కడ 60 అనే ఉంటుంది.