కుక్క దురదకి సూదా, మాత్రా, స్నానమా, పథ్యమా: ఏది మేలు?

ఇంట్లో ల్యాబ్‌కో పగ్‌కో చర్మం అలర్జీ అని తెలిస్తే చాలు, సలహాలు నాలుగు వైపుల నుంచి వచ్చి పడతాయి. డాక్టర్ గారు సూది వేస్తారు. పెట్ షాపులో షాంపూ చేతిలో పెడతారు. అపార్ట్‌మెంట్‌లో కుక్కను పెంచే ఇంకొకరు చికెన్ మాన్పించండి అంటారు. అమెరికాలో ఉన్న అక్క వాట్సాప్‌లో అపోక్వెల్ అనే దురద మాత్రల డబ్బా ఫొటో పంపి, మా దగ్గర అందరూ ఇదే వాడతారు అంటుంది. వీటిలో ఏదీ తప్పు సలహా కాదు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే మాత్రం దేనివల్ల తగ్గిందో తెలియదు. వరస తప్పితే డబ్బు పోతుంది, దురద మిగులుతుంది.

కుక్క ఒంట్లో ఎక్కడ గోక్కుంటోందో చూస్తే సగం జవాబు దొరికినట్టే. నడుము వెనక, తోక మొదట్లో కొరుక్కుంటూ అక్కడ జుట్టు పలచబడితే మొదటి అనుమానం ఫ్లీస్ (రక్తం తాగుతూ గెంతే చిన్న పురుగులు) మీద పెట్టుకోవాలి. పాదాలు అదే పనిగా నాకడం, చెవులు మాటిమాటికీ వాసన రావడం, చంకలు, పొట్ట కింద, మూతి చుట్టూ ఎర్రబడటం అటోపీకి గుర్తులు. అంటే ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులో, పుప్పొడో, బూజో దానికి పడటం లేదన్నమాట. ఇది ఎక్కువగా 6 నెలల నుంచి 3 ఏళ్ళ వయసు మధ్య మొదలవుతుంది. చిక్కేమిటంటే తిండి పడకపోయినా అచ్చం ఇవే గుర్తులు కనిపిస్తాయి. చెవి అంచులు, మోచేతులు తెగ గోక్కుంటూ, ఇంట్లోవాళ్ళకి కూడా దద్దుర్లు వస్తుంటే అలర్జీ మాట పక్కన పెట్టి గజ్జి సంగతి చూడాలి.

అందుకే ఏ మందైనా రాయించుకునే ముందు చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూడమని అడగండి. పది నిమిషాల పని, ఖర్చు కూడా తక్కువే. చర్మంలో కంటికి కనపడని డెమోడెక్స్ అనే పురుగు ఉన్న కుక్కకి అలర్జీ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే పురుగుకి మనమే దారి తెరిచినట్టవుతుంది.

ముందు పిడుదులు, ఫ్లీస్ సంగతి. మా కుక్క ఒంటి మీద ఒక్కటీ లేదండీ అంటారు చాలామంది. ఫ్లీ లాలాజలం పడని కుక్కకి ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. పైగా అది గోక్కుంటూ, నాక్కుంటూ ఆ పురుగుని మింగేస్తుంది, మనకి కనపడేది శూన్యం. పౌడర్, మెడ మీద వేసే చుక్కలు, నమిలే మాత్ర, ఈ మూడింట్లో నా ఓటు మాత్రకే. ఎందుకంటే అలర్జీ కుక్కకి వారానికి ఒకటి రెండుసార్లు మందు షాంపూతో స్నానం తప్పదు. ఆ స్నానాలకి పౌడర్ పోతుంది, చుక్కల బలం కూడా తగ్గుతుంది. మాత్ర లోపలి నుంచి పనిచేస్తుంది కాబట్టి స్నానంతో పేచీ లేదు. ఫ్లూరలానర్ మాత్ర ఫ్లీస్ మీద 12 వారాలు పనిచేస్తుంది, అఫాక్సొలానర్, సరొలానర్ అయితే నెలకొకటి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్క అయితే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఈ రకం మందులతో కొన్ని కుక్కల్లో ఫిట్స్ రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. ఫ్లీ గుడ్లు కుక్క ఒంటి మీద కాకుండా పరుపులో, సోఫా సందుల్లో ఉంటాయి. అందుకని కనీసం మూడు నెలలు ఆపకుండా, ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకీ మందు పడాలి. పిల్లి ఉంటే దానికి పిల్లుల మందే ఇవ్వాలి.

స్నానం గురించి చెప్పుకోవాల్సింది ఇంకా ఉంది, ఎందుకంటే దీన్ని మందుల్లో లెక్కే వేయరు. అలర్జీ చర్మం మీద బ్యాక్టీరియా, మలసీజియా అనే ఈస్ట్ చేరి దురదని రెట్టింపు చేస్తాయి. విజయవాడ, కాకినాడ, విశాఖ వైపు ఉక్కపోతకి ఈ ఈస్ట్ బెడద మరీ ఎక్కువ. పాదాల మధ్య గోధుమరంగు జిడ్డు, మురిగిపోయిన వాసన ఉంటే అదే. 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూ, ఈస్ట్ ఉంటే మైకొనజోల్ కూడా కలిసినది, చల్లటి నీళ్ళతో వాడాలి. నురుగు ఒంటి మీద 10 నిమిషాలు ఉండాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. పోసిన వెంటనే కడిగేస్తే ఖరీదైన షాంపూకీ పంపు నీళ్ళకీ పెద్ద తేడా ఉండదు. ఆ పది నిమిషాలూ కుక్కని టెర్రస్ మీద తాడుతో అటూ ఇటూ నడిపించండి. తర్వాత కాలి వేళ్ళ మధ్య తడి లేకుండా తుడవాలి. మనం వాడే సబ్బు వద్దు. కుక్క చర్మం మనిషి చర్మం కంటే తక్కువ ఆమ్లంగా ఉంటుంది, మన సబ్బు దాన్ని ఎండబెడుతుంది.

ఇక అసలు పోటీ మూడు మందుల మధ్య.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ చవక, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, ఒకటి రెండు రోజుల్లో ఫలితం కనిపిస్తుంది. చెవి లోపల వాచి దారి మూసుకుపోయినప్పుడు, ఒళ్ళంతా ఎర్రగా ఉబ్బినప్పుడు దీనంత బాగా వాపు తీసేది ఇంకోటి లేదు. స్టెరాయిడ్ అనగానే భయపడేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. వారం పది రోజులు ఇచ్చి తగ్గిస్తూ ఆపేసే మాత్రతో పెద్ద టెన్షన్ పడాల్సింది లేదు. ఆ రోజుల్లో కుక్క బిందెడు నీళ్ళు తాగుతుంది, ఇంట్లోనే ఉచ్చ పోస్తుంది, ఎంత పెట్టినా ఇంకా అడుగుతుంది, ఊరికే రొప్పుతుంది. భయపడాల్సింది నెలనెలా వేయించే దీర్ఘకాలపు సూదికి. సూది వేశాక వారాల పాటు మందు ఒంట్లోనే ఉంటుంది, ఏదైనా తేడా వస్తే వెనక్కి తీసుకోలేం. ఏళ్ళ తరబడి అలా సాగితే పొట్ట జారడం, కండ కరగడం, చర్మం పలచబడటం, షుగర్, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు లాంటివి వస్తాయి. మాత్ర అయితే మోతాదు మన చేతిలో ఉంటుంది, రోజు మార్చి రోజు ఇవ్వొచ్చు. కాలినొప్పికి మెలాక్సికామ్ లాంటిది వాడుతున్న కుక్కకి దీన్ని కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడతాయి. అలాంటివి వాడుతుంటే డాక్టర్‌కి చెప్పి తీరాలి.

అపోక్వెల్ పేరుతో వచ్చే ఓక్లాసిటినిబ్‌కి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. దురద కబురు మోసే సంకేతాలని కణం లోపలే అడ్డుకుంటుంది. గంటల్లో పని మొదలుపెడుతుంది, ఆ దాహం, ఆ ఆకలి ఉండవు. మొదటి 14 రోజుల వరకు రోజుకి రెండుసార్లు, ఆ తర్వాత రోజుకి ఒకసారి. రెండు నుంచి ఒకటికి దింపినప్పుడు కొన్ని కుక్కలకి దురద మళ్ళీ ఎగదన్నుతుంది. మందు పనిచేయడం లేదని అప్పుడే తీర్మానించేయొద్దు. ఏడాది నిండని కుక్కకి ఇవ్వకూడదు, తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వకూడదు, క్యాన్సర్ గడ్డలున్న కుక్క విషయంలో డాక్టర్‌తో వివరంగా మాట్లాడాలి. టిక్ ఫీవర్ (పిడుదుల కాటుతో వచ్చే జ్వరం) ఇంత ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో నేనైతే మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించమంటాను. ఖర్చు కుక్క బరువుని బట్టి పెరుగుతుంది. 30 కిలోల ల్యాబ్‌కి రోజూ 16 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కావాలి. 4 కిలోల పొమరేనియన్‌కి 3.6 మిల్లీగ్రాముల మాత్రలో సగంతో సరిపోతుంది. పొమరేనియన్ ఉన్న ఇంటికి తేలిగ్గా తోచే మందు ల్యాబ్ ఉన్న ఇంటికి నెల తిరిగేసరికి బరువవుతుంది.

మూడోది లోకివెట్‌మాబ్ సూది, సైటోపాయింట్ అని పిలిచేది. ఇది స్టెరాయిడ్ కాదు, దురద పుట్టించే ఐఎల్-31 అనే ప్రొటీన్‌ని పట్టేసుకునే యాంటీబాడీ. ఒక సూదితో 4 నుంచి 8 వారాలు గడుస్తుంది. కాలేయం, కిడ్నీల మీద భారం వేయదు కాబట్టి ముసలి కుక్కకీ, మిగతా మందులు ఎక్కువగా వాడుతున్న కుక్కకీ మొదట గుర్తు రావాల్సింది ఇదే. రోజూ మాత్ర మింగించడానికి మనిషి లేని ఇంటికీ అనుకూలం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి తేలిగ్గా దొరుకుతుంది. ఇక్కడైతే తెప్పించగలరా, చల్లగా నిల్వ ఉంచగలరా అని మీ డాక్టర్‌ని అడిగాకే ఆశ పెట్టుకోండి. వాచిన చెవిని మాత్రం ఇది పెద్దగా తగ్గించదు.

మూడింట్లో ఏది మేలంటే: వారం పది రోజుల మంటకి ప్రెడ్నిసొలోన్ మాత్ర, నెలల పాటు సాగేదానికి ఓక్లాసిటినిబ్, వయసు మీదపడిన కుక్కకి దొరికితే లోకివెట్‌మాబ్. సెట్రిజిన్ సంగతి కూడా అడుగుతారు. హాని తక్కువ, ఫలితం అంతకంటే తక్కువ. దాంతో పాటు ముక్కు దిబ్బడ మందు కలిసిన మాత్ర మాత్రం పొరపాటున కూడా వేయకండి, అది కుక్కకి విషం.

ఈ మందులన్నీ దురదనే ఆపుతాయి. కారణం తిండి అయితే పథ్యం ఒక్కటే దారి. ఏడాది పొడుగునా ఒకే తీరుగా గోక్కుంటున్న కుక్క, దానికి తోడు తరచూ విరేచనాలో వాంతులో ఉన్న కుక్క ముందు పథ్యం చేయాలి. వానాకాలంలోనో చలికాలంలోనో మాత్రమే ఎక్కువయ్యే దురదకి పథ్యంతో ఒరిగేది తక్కువ. రక్తం, వెంట్రుకలు, లాలాజలం పంపితే ఏ తిండి పడదో చెబుతామనే పరీక్షలకి డబ్బు పోయకండి, వాటి ఫలితాలని నమ్మలేం.

కుక్కల్లో ఎక్కువగా అలర్జీ తెచ్చేవి గొడ్డు మాంసం, పాలు, కోడి మాంసం, గోధుమ. మన ఇళ్ళలో జరిగేదేమిటంటే చికెన్ వేడి చేసిందని మాన్పించి, చలవ చేస్తుందని పెరుగన్నం మొదలుపెడతారు. పెరుగు కూడా పాలే కదా. జాబితాలో ఒకదాన్ని తీసి ఇంకోదాన్ని పెట్టి, చికెన్ మానేసినా తగ్గలేదు అంటారు. పథ్యం అంటే ఆ కుక్క పుట్టాక ఎప్పుడూ తినని ఒక మాంసం, ఒక పిండిపదార్థం, అంతే. చేప ఎరగని కుక్క అయితే ఉడికించిన చేప, చిలగడదుంప. చేప తిన్నదైతే పంది మాంసం. ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి ఏవీ తగలకూడదు, ఉల్లి వెల్లుల్లి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. కనీసం 8 వారాలు. ఆ 8 వారాల్లో గ్లూకోజ్ బిస్కెట్, చికెన్ రుచి కలిపిన మాత్ర, నాయనమ్మ చాటుగా పెట్టే నేతి అన్నం ముద్ద, వాచ్‌మన్ వేసే బిర్యానీ బొక్క ఏదీ పడకూడదు. నా ఉద్దేశంలో పథ్యాలు విఫలమయ్యేది వంటింట్లో కాదు, వరండాలో.

ఇంటి వంటకీ, కొనే హైడ్రొలైజ్డ్ ఫుడ్‌కీ మధ్య ఎంచుకోవాలంటే మాంసం వండని ఇళ్ళకీ, ఎదిగే కుక్కపిల్లకీ కొనేదే మేలు. అందులో ప్రొటీన్‌ని శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విరగ్గొడతారు, పోషకాలు కూడా కొలిచి కలుపుతారు. ఖరీదు ఎక్కువే. పెద్ద కుక్క ఉండి, ఓపికగా వండేవాళ్ళుంటే 8 వారాలకి ఇంటి వంట సరిపోతుంది. తర్వాత కూడా అదే సాగించాలంటే కాల్షియం, విటమిన్ల లెక్క డాక్టర్‌తో వేయించుకోవాలి. తగ్గాక పాత తిండిలో ఒక్కొక్కటే మళ్ళీ పెట్టి రెండు వారాలు చూడాలి. దురద తిరిగొస్తే నేరస్థుడు దొరికినట్టే. రాకపోతే దాన్ని నిక్షేపంగా పెట్టొచ్చు.

ఇంటి వైద్యం గురించి క్లుప్తంగా: వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగితే పోయేదేమీ లేదు, వచ్చేది కూడా తక్కువే. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మాత్రం ప్రమాదం. కుక్క నాకుతుంది, కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ దాకా వెళ్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్, కిరసనాయిల్ పూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకి దణ్ణం. చేపనూనె క్యాప్సూల్స్ చర్మానికి మంచివే, కాకపోతే ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, పథ్యం నడుస్తుండగా కొత్తగా మొదలుపెట్టకూడదు.

డబ్బు దేనికో ఒక్కదానికే సరిపోయే ఇంట్లో నేను పిడుదులు, ఫ్లీస్ పోయే ఆ నమిలే మాత్ర కొనమంటాను, రెండోదానికి కూడా ఉంటే షాంపూ. ఈ రెండూ నెలన్నర గట్టిగా చేసినా పాదాలు నాకుతూనే ఉంటే అప్పుడు పథ్యం. రాత్రిళ్ళు నిద్రపోనివ్వనంత దురద ఉంటే పథ్యం మొదటి వారాల్లో మందు తోడు ఇవ్వొచ్చు, చివరి వారాల్లో ఆపి చూడాలి. లేకపోతే తగ్గించింది తిండా మందా అన్నది తేలదు. చర్మం పరీక్షలకి రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు దగ్గరగా ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వేసిన సూదుల పేర్లు, తేదీలు, వాడిన షాంపూ సీసా, కుక్క తినే ప్రతిదాని జాబితా పట్టుకెళ్ళాలి. ఆ జాబితా రాసేటప్పుడు నాయనమ్మని కూడా అడగండి.