జాగ్రత్త: ద్వారకానగర్‌లో పైథాన్, సి, జావా ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి

ఉద్యోగం కోసం కాకుండా ఆసక్తి కొద్దీ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్లు వైజాగ్‌లో చాలామందే ఉన్నారు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైనవాళ్లు, పిల్లలతో పాటు తామూ నేర్చుకుందామనుకునే తల్లిదండ్రులు, తొమ్మిది పది తరగతుల పిల్లలు. ఏది పాతదో ఏది కొత్తదో వీళ్లకు ఇంకా తెలియదు కాబట్టి, మూలన పడాల్సిన సరుకు వీళ్లకే అంటగడుతున్నారు.

ఆర్టీసీ కాంప్లెక్స్ దాటి ద్వారకానగర్‌లోకి వెళ్తే ఎటు చూసినా కోర్సుల బోర్డులే. వాటిలో ఒక ఇన్‌స్టిట్యూట్ అమ్మిన ప్యాకేజీ గురించి ఈ పోస్టు. పేరు రాయడం లేదు. ఇదే సరుకు రేపు ఇంకో బోర్డు కింద కనిపించవచ్చు, కాబట్టి సరుకును గుర్తుపట్టడమే ముఖ్యం.

ప్యాకేజీ ఇదీ: పైథాన్, సి, సి ప్లస్ ప్లస్, జావా కలిపి మూడు నెలలు, రోజుకు గంట. స్పైరల్ బైండింగ్ మెటీరియల్, ఒక పెన్‌డ్రైవ్, చివర్లో సర్టిఫికెట్. ఒకేసారి కడితే 21,000 రూపాయలు. లేదంటే ‘వడ్డీ లేని ఈఎంఐ’ నెలకు 2,000 చొప్పున 12 నెలలు. ఆదివారాలు తీసేస్తే మూడు నెలలకు 78 గంటలు. నాలుగు భాషలకు పంచితే ఒక్కోదానికి 20 గంటలు కూడా రావు. కొత్తవాళ్లకు లూపులు, ఫంక్షన్లు చేతికి అలవాటు కావడానికే ఆ టైమ్ సరిపోతుంది. ఒక్క భాషతో మొదలుపెట్టమని చెప్పని చోట డబ్బు కట్టకండి.

పైథాన్ మెటీరియల్ మొదటి పాఠంలోనే దొరికిపోతుంది. ప్రింట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, కోట్స్ మధ్య హలో అని ఉంది. బ్రాకెట్లు లేవు. అది పైథాన్ 2 రాత. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది, ఆఖరి విడుదల 2.7.18 అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. ఇంటికెళ్లి కొత్త పైథాన్ వేసుకుని ఆ పాఠం టైప్ చేస్తే మొదటి లైన్‌కే సింటాక్స్ ఎర్రర్. రా ఇన్‌పుట్, ఎక్స్‌రేంజ్ అన్న పేర్లు వాడిన ప్రోగ్రాములన్నిటికీ నేమ్ ఎర్రర్.

ఎర్రర్ వచ్చేవి నయం, కనీసం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఎర్రర్ లేకుండా జవాబు మారిపోయేవే మనిషిని తినేస్తాయి. 5ని 2తో భాగిస్తే పైథాన్ 2లో జవాబు 2, పైథాన్ 3లో 2.5. మెటీరియల్‌లో అచ్చయిన జవాబు 2, స్క్రీన్ మీద 2.5. ఇన్‌పుట్ సంగతి ఇంకా ఘోరం. పాతదానిలో ఇన్‌పుట్ ఫంక్షన్ మనం కొట్టిన 5ని అంకెగానే తీసుకునేది. కొత్తదానిలో అది అక్షరాల వరుస. రెండు సంఖ్యలు కూడే ప్రోగ్రాంలో 5, 6 ఇస్తే 11 బదులు 56 వస్తుంది. ఇన్‌పుట్‌ని ఇంట్ ఫంక్షన్‌లో పెట్టి అంకెగా మార్చుకోవాలని ఆ మెటీరియల్‌లో ఎక్కడా లేదు. నేర్చుకునేవాళ్లు తప్పు తమదే అనుకుని, ‘ఈ వయసులో మనకెక్కడ వస్తుందిలే’ అని వదిలేస్తారు. పోయిన డబ్బు కంటే నాకు బాధ కలిగించేది ఇదే.

అడిగితే ల్యాబ్‌లో 2.7 వేసి ‘ఇక్కడ బాగానే నడుస్తోంది కదండీ’ అన్నారు. ల్యాబ్‌లో నడుస్తుంది. తర్వాత ఏదైనా కొత్త లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) కావాలంటే, దాన్ని దించి ఇచ్చే పిప్ దగ్గర ఆగిపోతుంది. 2021 జనవరిలో వచ్చిన పిప్ 21.0 నుంచే పైథాన్ 2ని తీసేశారు. లెక్కలకు వాడే నంపై లైబ్రరీ అంతకు ముందే, 2019లోనే పైథాన్ 2ని వదిలేసింది.

పెన్‌డ్రైవ్‌లో సి, సి ప్లస్ ప్లస్ కోసం ఇచ్చింది టర్బో సి ప్లస్ ప్లస్, నీలం తెర ఉండేది. 1990ల మొదట్లో, విండోస్ కంటే పాతదైన డాస్ కోసం చేసింది. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నేరుగా నడవవు కాబట్టి డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి ఇస్తారు. కాలేజీ ల్యాబుల్లో ఇంకా కనబడుతుంది కాబట్టి జనానికి అనుమానం రాదు. ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు ఇంట్ వేరియబుల్స్‌లో (పూర్ణాంకాలు దాచుకునే గళ్లు) 200, 200 పెట్టి గుణించి, జవాబును మూడో ఇంట్‌లో వేసి ప్రింట్ చేయండి. 40,000 రావాలి. టర్బోలో మైనస్ 25,536 వస్తుంది. అందులో ఇంట్ 16 బిట్లే, 32,767 దాటితే తిరగబడి మైనస్‌లోకి పోతుంది. జీసీసీ లాంటి ఇప్పటి కంపైలర్‌లో (మనం రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది) 40,000 వస్తుంది.

అంతకంటే పెద్ద ఇబ్బంది అలవాట్లది. ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్, వాయిడ్ మెయిన్, సీఎల్ఆర్ఎస్‌సీఆర్ అని మూడు నెలలు చేయి తిరిగాక అదే ప్రోగ్రాంని జీసీసీలోని సి ప్లస్ ప్లస్ కంపైలర్ జీప్లస్‌ప్లస్‌కి ఇస్తే మూడింటి దగ్గరా ఆగుతుంది. ఆ పేరుతో హెడర్ ఫైల్ లేదు, మెయిన్ ఇంట్‌ని తిరిగి ఇవ్వాలి, స్క్రీన్ తుడిచే ఆ ఫంక్షన్ లేదు. సి ప్లస్ ప్లస్‌కి మొదటి ప్రమాణం వచ్చింది 1998లో, ఈ సాఫ్ట్‌వేర్ దానికంటే ముందుది. జావా మెటీరియల్‌లోనూ అంతే, యాప్లెట్ల (బ్రౌజర్ పేజీలో నడిచే చిన్న జావా ప్రోగ్రాములు) మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది. 2017లో వచ్చిన జావా 9లోనే వాటిని పక్కనపెట్టేశారు.

అదే పెన్‌డ్రైవ్‌లో కోడ్ రాసుకునే ఒక ఖరీదైన ఎడిటర్, దాని పక్కన డబ్బు కట్టకుండా దాన్ని నడిపించే ‘యాక్టివేటర్’ అని ఒక ఫైల్, ముందు విండోస్ డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) ఆపేయండని సూచన కూడా ఉన్నాయి. ఆపకండి. నెట్ బ్యాంకింగ్ చేసే ల్యాప్‌టాప్‌లో అయితే అసలే వద్దు. ఎవరు తయారుచేశారో తెలియని ఫైల్‌కి ఇంటి తాళాలు ఇచ్చినట్టే. పైథాన్‌తో పాటే ఐడిల్ అనే ఎడిటర్ వస్తుంది, థానీ, వీఎస్ కోడ్ అనే ఎడిటర్లూ ఉచితం. పైథాన్ దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. అక్కడ స్టాండలోన్ ఇన్‌స్టాలర్ దించుకుంటే దాని మొదటి తెరలో ‘పాత్’కి (విండోస్ ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితా) కలపమనే చిన్న గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. అది మరిచిపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే నల్ల తెర) పైథాన్ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవడమో, అలాంటి కమాండ్ లేదనడమో జరుగుతుంది.

ఇక ఈఎంఐ. నగదు ధర 21,000, వాయిదాల్లో 24,000 అయినప్పుడు వడ్డీ లేదనడం పచ్చి అబద్ధం. ఆ 3,000 వడ్డీయే. నెలనెలా అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి లెక్క కడితే ఏడాదికి 25 శాతం దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. కౌంటర్ దగ్గర ఆధార్, పాన్, ఓటీపీ అడిగి ‘ఫీజు ఫారం’ అని సంతకం పెట్టించుకునేది నిజానికి మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లోన్. డబ్బు ఒకేసారి ఇన్‌స్టిట్యూట్‌కి చేరిపోతుంది. క్లాసులు ఆగినా, ట్రైనర్ మారినా, ఇన్‌స్టిట్యూట్‌కే తాళం పడినా ఈఎంఐ మాత్రం మీ ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. ఓటీపీ చెప్పేముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ (లోన్ ముఖ్య వివరాల కాగితం) చేతికి ఇమ్మనండి. ఏడాది వడ్డీ రేటు, మొత్తం కట్టేది, వెనక్కి తప్పుకునే గడువు అందులో రాసి ఉండాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ కాగితం లేదంటే లేచి వచ్చేయండి.

డెమోకి వెళ్తే కుర్చీలో కూర్చుని వినడంతో సరిపెట్టకండి. వాళ్ల ల్యాబ్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పైథాన్ అని, పక్కన రెండు హైఫన్లు పెట్టి వెర్షన్ అని కొట్టండి. పైథాన్‌కి ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి సుమారు ఐదేళ్లు సపోర్ట్ ఉంటుంది. 3.8కి 2024 అక్టోబర్‌లో ముగిసింది, 3.9కి 2025 అక్టోబర్‌లో. 2తో మొదలయ్యే అంకె కనిపిస్తే అక్కడితో ఆపేయండి. మెటీరియల్ కూడా ముందే చూపించమనండి, ‘జాయినయ్యాకే ఇస్తాం’ అంటే ఎందుకో పైన చదివారు. డెమో చెప్పినాయనే బ్యాచ్‌కి చెబుతారా అన్నది రసీదు మీదే రాయించుకోండి. నోటిమాట చెల్లదు.

రసీదు అంటే కచ్చా చిట్టీ కాదు. 18 శాతం జీఎస్టీ కలిపామంటే 15 అక్షరాల జీఎస్టీ నంబర్ దాని మీద ఉండాలి, మన రాష్ట్రంలో నమోదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే ఎవరి పేరు మీదుందో కనిపిస్తుంది. ‘ఐఎస్ఓ సర్టిఫైడ్’ అన్నా, ఎంఎస్‌ఎంఈ (చిన్న వ్యాపారాలు) కింద ఉద్యం నమోదు ఉందన్నా, అది సిలబస్‌కి గుర్తింపు కాదు.

ఇదంతా లేకుండా నేర్చుకోవచ్చా అంటే, నిక్షేపంగా. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) పైథాన్ కోర్సులు ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగులో కూడా పాఠాలున్నాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. మనిషి పక్కన ఉండి చెబితేనే ఎక్కుతుందనుకుంటే, ఒక్క భాషకు, నెలవారీ ఫీజు తీసుకునే చోటు చూసుకోండి.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లకు ఒక మాట. తప్పుకునే గడువు కనీసం ఒక రోజు ఉంటుంది. ఆ లోపే ఇన్‌స్టిట్యూట్‌కి కాకుండా లోన్ ఇచ్చిన కంపెనీకి మెయిల్ పెట్టండి. గడువు దాటిపోతే బ్యాంక్‌కి వెళ్లి మాండేట్ (ఖాతాలోంచి ఈఎంఐ తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి) ఆపేయించడం తొందరపాటు. బౌన్స్ చార్జీలు పడతాయి, సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు చూసే అధికారి) ఆ బ్యాంక్ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో పంపండి, సహాయానికి 14448. ఇన్‌స్టిట్యూట్ మీద అయితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. బ్రోషర్, రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి. డబ్బు వెనక్కిస్తాం, ముందు మెటీరియల్, పెన్‌డ్రైవ్ తెచ్చివ్వండి అని అడుగుతారు. ప్రతి పేజీ ఫోన్‌లో స్కాన్ చేసుకుని, పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ల జాబితా ఫోటో తీసుకున్నాకే ఇవ్వండి, అది కూడా ముట్టినట్టు సంతకం తీసుకుని.