అలిపిరి నడకదారి, చంద్రగిరి కోట: ఒక యాత్రికుడి పరిశీలన

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసం, ఆర్టీసీ బస్టాండు ఎదుట శ్రీనివాసం ఉండడం వల్ల, అపరాత్రి దిగిన యాత్రికుడికి సామాను మోసుకుంటూ వీధులు తిరిగే అవస్థ తప్పుతుంది. దేవస్థానం వారి ఈ రెండు సముదాయాల్లోనూ గది దొరకక మేము ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాము. గది శుభ్రంగానే ఉంది గాని, అద్దె ఇరవైనాలుగు గంటలకా, మధ్యాహ్నం పన్నెండు వరకేనా అన్నది ఖాళీ చేసేటప్పుడు గాని చెప్పలేదు.

అలిపిరిలో సామాను అప్పగిస్తే రుసుము లేకుండా కొండపైకి చేరుస్తారు. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు సాగే ఆ దారికి పైకప్పు ఉంది, తాగునీరు ఉంది. వృద్ధులు సైతం ఆగి ఆగి ఎక్కగలుగుతున్నారు. అయితే అది శేషాచలం అడవి గుండా పోయే దారి. 2023 ఆగస్టులో అక్కడ ఒక చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకున్న తరువాత, భక్తులను గుంపులుగా పంపడం, చేతికర్రలివ్వడం, మధ్యాహ్నం 2 దాటితే పిల్లలను అనుమతించకపోవడం వంటి నియమాలు వచ్చాయి. చేతికర్ర ధైర్యానికే తప్ప చిరుతకు అడ్డమవుతుందని నేననుకోను. గాలిగోపురం దగ్గర, తిన్న ఆకును మెట్ల పక్కకు విసరబోయిన కుర్రవాణ్ణి అంగడి నడిపే పెద్దావిడ ఆపి, "డబ్బాలో వెయ్యి నాయనా, కుక్కలొస్తే వాటెనకే చిరత వస్తాది" అన్నది. హెచ్చరిక బోర్డులు ఎన్ని చదివినా తలకెక్కని సంగతి, దారి మీదనే బతికే ఆవిడ ఒక్క మాటలో చెప్పింది.

తిరుపతి దగ్గరి చంద్రగిరి కోటలో, వచ్చినవారికి చెప్పవలసింది చెప్పే ఈ ఎరుకే కొరవడింది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తుల రాజమహలు, అందులో పురావస్తు శాఖవారి మ్యూజియం, వెనుక కొండ: చూడదగినదంతా అక్కడ ఉంది. తిరుమలకు రెండో నడకదారి అయిన శ్రీవారి మెట్టు ఎక్కడానికి వచ్చేవారు ఈ చుట్టుపక్కలకే వస్తారు గాని, కోట సంగతి వారికి చెప్పేవారు లేరు. మాతో బేరమాడిన ఆటో అతనికి శుక్రవారం మ్యూజియానికి సెలవన్న సంగతే తెలియదు. మేము వెళ్లింది శనివారం కాబట్టి సరిపోయింది. శ్రీవారి మెట్టుకు వెళ్లే దారిలోని శ్రీనివాస మంగాపురం ఆలయం వద్ద కోటకు దారి, తెరిచే వేళలు, సెలవు రోజు రాసిన పలక ఒకటి నిలబెట్టి, అక్కడి ఆటోవారికి ఆ నాలుగు ముక్కలు చెప్పి ఉంచితే, దర్శనం చేసుకున్నవారిలో కొందరైనా అటు తిరుగుతారు.