పదేళ్లుగా డిక్కీలో ఉన్న మల్టీమీటర్: పాత కారు చార్జింగ్ తిప్పలు

వోల్టులు, ఆంపియర్లు కొలిచే ఈ పసుపు రంగు మల్టీమీటర్‌ని 2015లో కాకినాడలో కొన్నాను. ముందు డీటీ-830డి అని ఉంటుంది, ఇదే నంబరుతో చాలామంది తయారు చేస్తారు. మూడు వందల లోపే అయింది. అప్పటినుంచి మా 2004 మోడల్ పెట్రోల్ కారు డిక్కీలోనే ఉంటోంది.

దీని విలువ నాకు తెలిసింది మూడేళ్ల కిందట వానాకాలంలో. రాత్రిపూట హెడ్‌లైట్లు, వైపర్, ఏసీ కలిపి వేస్తే లైట్లు గుడ్డిగా అయిపోయేవి. పొద్దున సెల్ఫ్ నీరసంగా తిరిగేది. బ్యాటరీ మార్పించాను. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ అదే కథ. "డైనమో పోయిందండి, కొత్తది వేసేద్దాం" అన్నాడు ఆటో ఎలక్ట్రీషియన్. (ఇంజిన్ తిరుగుతుంటే కరెంట్ పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని మా దగ్గర డైనమో అనే అంటారు.) అంత డబ్బు పెట్టే ముందు ఒక ఆదివారం నేనే కూర్చుని చూద్దామనుకున్నాను.

రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ పొద్దున 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 దాకా రావాలి. మాది ఏ లోడూ లేకుండా, అంటే లైట్లూ అవీ వేయకుండా, 13.7 ఉంది, ఫర్వాలేదనిపించింది. అక్కడే ఆపేసి ఉంటే ఏమీ దొరికేది కాదు. లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టుకోమని మా అబ్బాయికి చెప్పాను. బ్యాటరీ మీద 12.95కి పడిపోయింది. అదే సమయంలో డైనమో వెనక లావు వైరు బిగించిన బోల్టుకి ఒక ప్రోబ్ (మీటర్ వైరు చివరి మొన), డైనమో బాడీకి ఇంకొకటి ఆనిస్తే 14.2! డైనమో తన పని తాను చేస్తూనే ఉంది. మధ్యలో ఎక్కడో వోల్టేజ్ పోతోంది.

తరువాత ప్లస్ వైపు చూశాను. డైనమో బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య పోతున్నది 0.15 వోల్టులే, అంటే బాగానే ఉంది. మైనస్ వైపు, డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి 1.1 వచ్చింది. అక్కడ 0.2 కూడా దాటకూడదు. కింద వంగి చూస్తే గేర్‌బాక్స్ నుంచి కారు బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ కనిపించింది, డైనమోకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కరెంట్ వెళ్లే దారి అదే. జడలా అల్లిన రాగి అంతా పచ్చగా చిలుము పట్టి, వేలితో తాకితే పొడి రాలింది. సముద్రం గాలికి ఇరవై ఏళ్లు ఉంది మరి. కొత్త పట్టీ వేసి, బోల్టు కూర్చునే చోట ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకి, బిగించాక పైన వాజలిన్ రాశాను. మళ్లీ అన్నీ ఆన్ చేసి చూస్తే అక్కడ 0.06, బ్యాటరీ మీద 14.0.

అందుకే పాత బండి ఉన్నవాళ్లందరికీ చెబుతాను: లోడ్ వేసి, డైనమో దగ్గరా బ్యాటరీ దగ్గరా రెండు చోట్లా చూడండి. బ్యాటరీ మీద ఒక్క అంకె చూసి డైనమో విప్పించకండి. ఇంకో మాట, మే నెల మధ్యాహ్నం 13.8 చూపించిన బండే డిసెంబర్ పొద్దున 14.4 చూపిస్తుంది. డైనమో వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ వేడిని బట్టి చార్జింగ్ తగ్గించుకుంటుంది, అది జబ్బు కాదు.

ఇక మీటర్ లోపాలు. పెద్దది దాని లోపలి 9 వోల్టుల బ్యాటరీ. అది నీరసపడితే ఆగిపోదు, అంకెలు పెంచి చూపిస్తుంది. ఒకరోజు మా కారు 15.6 చూపించింది. రెగ్యులేటర్ కాలిపోయిందని, బ్యాటరీలో నీళ్లు మరుగుతాయని టెన్షన్ పడ్డాను. మీటర్‌లో కొత్త బ్యాటరీ వేస్తే 14.1. అప్పటినుంచి అనుమానం వస్తే ముందు మీటర్ బ్యాటరీయే మారుస్తాను.

రెండోది, ఏసీ వోల్టేజ్ (ఆల్టర్నేటింగ్ కరెంట్‌ది) కొలవడానికి దీనికి కనిష్ఠ రేంజ్ 200 వోల్టులు. డైనమోలో ఏసీని డీసీగా మార్చే డయోడ్ పోతే వచ్చే చిన్న ఏసీ వోల్టేజ్ దీంతో తేలదు, మంచి మీటర్ కావాలి. మూడోది ప్రమాదం. 10 ఆంపియర్ల సాకెట్‌కి లోపల ఫ్యూజు లేదు. కరెంట్ చూసి, ఎర్ర వైరు అక్కడే మరిచిపోయి బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్టే. నేను పని కాగానే వైరు వోల్టుల సాకెట్‌లోకి మార్చాకే మీటర్ ఆపుతాను.

ప్రోబ్ వైర్లు రెండుసార్లు తెగాయి, మార్చాను. మీటర్ మాత్రం అదే. మొన్న వానలు తగ్గాక ఎర్త్ పట్టీ మీద మళ్లీ చూశాను, 0.08 ఉంది.