ఎండకు రంగు మారే కళ్లద్దాలు: ఒక సమీక్ష

ఫొటోక్రోమిక్ కళ్లద్దాల పనితనమంతా కటకంలో ఇమిడి ఉన్న నాఫ్తోపైరాన్ వంటి అణువులదే: అతినీలలోహిత కాంతిని గ్రహించిన అణువులో కర్బన, ఆక్సిజన్ పరమాణువుల మధ్య బంధం తెగి, వలయం విచ్చుకొని, దృశ్యకాంతిని పీల్చుకొనే రంగు రూపం ఏర్పడుతుంది. ఎండలోకి రాగానే నా అద్దాలు చకచకా నల్లబడడం మెచ్చుకోదగినది. నీడలో తేటపడడానికి మాత్రం కొన్ని నిమిషాలు పడుతుంది. అణువులను పూర్వరూపానికి మళ్లించేది చాలావరకు వేడిమే కనుక, చలిలో రంగు చిక్కగా నిలిచి, చిత్రంగా, అసలు అవసరమైన మండుటెండలోనే పలచబడుతుంది. ఏళ్ల తరబడి వాడితే కొన్ని అణువులు ఆక్సీకరణం చెంది పాడవుతాయి, నలుపు తగ్గుతుంది. కారు ముందు అద్దం అతినీలలోహితాన్ని చాలావరకు అడ్డుకొంటుంది గనుక, వాహనం నడిపేవారు విడిగా చలువ కళ్లద్దాలు కొనుక్కోక తప్పదు.