గోడ మీద కాటమరాజు, గిన్నెలో ఖుబానీ

గత డిసెంబరులో నేనూ, మా ఆవిడా, మా అత్తయ్యగారూ రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదుకు నాలుగు రోజుల కోసం వెళ్ళాము. సికింద్రాబాదు స్టేషనుకు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఒక లాడ్జిలో దిగాము. గదులు శుభ్రంగానే ఉన్నాయి గానీ, వేడినీళ్ళు ఎనిమిదింటి వరకే వస్తాయన్న సంగతి తొమ్మిదింటికి మేము అడిగితే గానీ చెప్పలేదు. రైలు దిగగానే నడుం వాల్చడానికి తప్ప దానిని ఎవరికీ సిఫారసు చేయలేను.

రెండో రోజు కారు మాట్లాడుకుని సిద్దిపేట జిల్లాలోని చేర్యాలకు వెళ్ళాము. అక్కడి నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూతలు పట్టించి, ఆరిన తరువాత ఎర్రటి నేల మీద కథను గడులు గడులుగా రాస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, ఇలా ఏ కులానికి ఆ పటం ఉంటుంది. కథ చెప్పేవారు చుట్టి పెట్టిన పొడవాటి పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ పాడతారు కనుక, ఒక గడి తరువాత ఏ గడి రావాలన్నది ఆ కళకు ప్రాణం. ఈ సంగతి ఆ రాత్రి భోజనం దగ్గర మళ్ళీ గుర్తుకు వచ్చింది.

ఆ రాత్రి మేము భోంచేసినది బంజారాహిల్స్‌లో పాత బంగళాను మార్చి కట్టిన ఒక రెస్టారెంటులో. చేర్యాల బొమ్మలున్నాయని ఎవరో చెప్పగా వెళ్ళాము. బిర్యానీ ఫరవాలేదు. బగారా బైంగన్‌లో పులుసు పలచబడి, నువ్వులూ పల్లీలూ వేసిన జాడ తెలియకుండా పోయింది. భోజనం ఇంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే లేదు.

ఖుబానీలతో, అంటే ఆప్రికాట్ పండ్లతో, చేసే ఖుబానీ కా మీఠా పెళ్ళి విందుల్లో చాలాసార్లు తిన్నాను. ఎక్కువచోట్ల అది చక్కెర పాకంలో తేలే గుజ్జు మాత్రమే. ఇక్కడ ఎండు ఖుబానీలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళలోనే ఉడికించారని మొదటి చెంచాకే అర్థమైంది, ఎందుకంటే తీపి వెనుక పండు పులుపు సన్నగా నిలిచి ఉంది. పైన మీగడ, దాని మీద గింజలు పగలగొట్టి తీసి పొట్టు ఒలిచిన పప్పులు నాలుగు. చూడటానికి బాదంలాగే ఉన్న ఆ పప్పు మెత్తటి గుజ్జు మధ్య పంటికి తగిలి, చిటికెడు చేదు వదిలి పోతుంది. ఆ చేదు కోసమే నేను రెండో గిన్నె తెప్పించాను. డబల్ కా మీఠాలో రొట్టెను నేతిలో బాగా ఎర్రగా వేయించడం వల్ల పాలూ పాకమూ పీల్చుకున్నా అంచులు నమలడానికి మిగిలాయి. గిల్-ఎ-ఫిర్దౌస్ రుచి చూసిన అత్తయ్యగారు మాత్రం, "పేరు ఘనంగా ఉంది గానీ అల్లుడుగారూ, ఇది మన సొరకాయ పాయసమే కదా!" అని తేల్చేశారు. ఆ మాట నిజమే, అయినా గిన్నె ఖాళీ చేసినది ఆవిడే.

ఇక బొమ్మలు. అద్దాల ఫ్రేముల్లో మూడు గోడల నిండా కాటమరాజు కథ ఉంది. రంగుల్లో లోపం లేదు. ముఖ్యంగా ఆలమంద గడిలో ఒక్కొక్క ఆవు మెడ ఒక్కొక్క వైపు తిప్పి రాసిన తీరు దగ్గరకు వెళ్ళి చూడదగినది. అయితే నెల్లూరి సిద్ధిరాజుతో పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, తగాదా రాకముందే యుద్ధం వాకిట్లో మొదలైపోయింది, తగాదాకు మూలమైన ఆవులేమో చేతులు కడుక్కునే చోట పంపుల పక్కన మేస్తున్నాయి. కథ పేరు గానీ, రాసినవారి పేరు గానీ ఎక్కడా లేదు. వడ్డించే కుర్రవాడిని అడిగితే, "ఇంటీరియర్ వాళ్ళు తగిలించారండీ, ఫొటో కావాలంటే తీసుకోండి" అన్నాడు. వంటింట్లో ఒక్క పప్పు గింజ మీద చూపిన శ్రద్ధను గోడ దగ్గరకు వచ్చేసరికి వదిలేశారు.

బిల్లులో సర్వీసు ఛార్జి కలిపి ఉంది. అడగకుండా దానిని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది గనుక తీసేయమన్నాను. మేనేజరు మారుమాట లేకుండా తీసేశారు. అలా మిగిలిన డబ్బును ఆ కుర్రవాడి చేతికే ఇచ్చాము.

వెళ్ళదలచినవారు పంపుల వైపు చివరి బల్ల అడగండి, ఆవులు అక్కడి నుంచే బాగా కనబడతాయి. ఖుబానీని మాత్రం కూర్చోగానే చెప్పి పెట్టుకోండి, మేము లేచేసరికి పక్క బల్లవారికి అయిపోయిందన్నారు.